లైలా బాపట్ల వచ్చినప్పుడు

2010 మే 20. హైదరాబాదులో ఆఫీసులో కూర్చుని తుపాను మీద జోకులేసుకుంటున్నాం. పేరు లైలా మరి! తీరం దాటబోయేది మా బాపట్ల దగ్గర. "లైలా వస్తోంది సరే, మజ్నూ ఎక్కడరా?" అని ఒకడు. "భానుమతి వచ్చిందంటే అక్కినేని వెనకే ఉంటాడులే" అని ఇంకొకడు. 1949 నాటి ఆ సినిమాని మాలో ఒక్కడూ పూర్తిగా చూసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

రాత్రికి గానీ ఊరికి ఫోను కలవలేదు. మాది పర్చూరు దగ్గర. మా పెదనాన్న ఎత్తాడు. "లైలా ఏందిరా? ఎవరైతే ఏం, కళ్ళంలో ఆఖరి కోత కాయంతా నానిపోయింది. ఇక తాలుకాయ రేటే" అన్నాడు. ఆ రోజుకి నా జోకులు అక్కడితో ఆగిపోయాయి.

అసలీ పేర్ల గొడవ ఎక్కడ మొదలైందా అని తర్వాత కొంచెం చదివాను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియాలో క్లెమెంట్ రాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన తనకి గిట్టని రాజకీయ నాయకుల పేర్లు కూడా తుపాన్లకి పెట్టేవాడట. అంటే వెక్కిరింపు ఈ పద్ధతిలో మొదట్నుంచీ ఉన్నదే, మేం కొత్తగా కనిపెట్టిందేం కాదు :)

మన బంగాళాఖాతంలో మాత్రం 2004 దాకా పేర్లు లేవు, అంకెలే. మన కోడ్‌లో టెంప్1, టెంప్2 అని రాసి వదిలేస్తాం చూడండి, అలా. ఆ ఏడాది ఎనిమిది దేశాలు తలా ఎనిమిది పేర్లు ఇచ్చి 64 పేర్ల జాబితా వాడకంలోకి తెచ్చాయి. దేశాల అక్షరక్రమంలో ఒకరి తర్వాత ఒకరి పేరు, అచ్చంగా రౌండ్ రాబిన్! మొదటిది బంగ్లాదేశ్ ఇచ్చిన ఒనిల్. లైలా పాకిస్తాన్ ఇచ్చిన పేరు. 2020లో ఆంఫన్‌తో ఆ జాబితా అయిపోయింది. ఇప్పుడు పదమూడు దేశాల 169 పేర్ల జాబితా నడుస్తోంది.

పేరు పెట్టేది జనానికి గుర్తుండటానికీ, ఒకేసారి రెండు తుపాన్లొస్తే కలగాపులగం కాకుండా ఉండటానికీ. ఆ లెక్కన మా జోకులు కూడా పనికొచ్చినట్టే. మా ఇంట్లో ఇప్పటికీ "లైలా వచ్చిన ఏడు" అంటారు.

1977 నవంబరు 19న వచ్చిన దానికి పేరు లేదు. దివిసీమ ఉప్పెన అని ఊరి పేరుతోనే పిలుచుకుంటాం. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. ఆ ఏడాది జనవరిలో దానవీరశూరకర్ణ, ఏప్రిల్లో అడవిరాముడు. రామారావు హవా మామూలుగా లేదు. తెరమీద కర్ణుడిగా దానాలు చేసిన ఆయనే ఆ ఏడాది చివర్లో నాగేశ్వరరావుతో కలిసి బాధితుల కోసం ఊరూరా తిరిగి చందాలు అడిగాడు. అప్పుడు సినిమాకీ తుపానుకీ ఉన్న సంబంధం అది. మా పెద్దవాళ్ళు ఆ ఉప్పెన మీద జోకెయ్యగా నేనెప్పుడూ వినలేదు.

1990 మే 9న దాదాపు అదే చోట, కృష్ణ సముద్రంలో కలిసే దగ్గర, మళ్ళీ ఒకటి. అదీ తక్కువదేం కాదు. కానీ ఈసారి పోయినవాళ్ళు వెయ్యి లోపే. దానికీ పేరు లేదు. ముందే లక్షల మందిని తరలించారు, షెల్టర్లున్నాయి. కాబట్టి జనాన్ని కాపాడేది పేరొక్కటే అని నేను అనను.

2023 డిసెంబరు 5న మళ్ళీ బాపట్లే. ఈసారి మయన్మార్ ఇచ్చిన పేరు. మిచాంగ్ అని కొందరు, మిగ్‌జాం అని కొందరు. రెండ్రోజులు ఉచ్చారణ మీదే కాలక్షేపం. మహేష్ బాబు గుంటూరు కారం విడుదలకి నెల రోజులు కూడా లేవేమో అన్నట్టుంది హడావుడి (వచ్చింది 2024 జనవరి 12న). ఫోన్లలో ఘాటు గురించి మాటలు, ఇక్కడ చేలో నిలబడ్డ నీళ్ళలో మిరపమొక్క వేరు కుళ్ళడం, చెట్టుమీదున్న పత్తి తడిసి రంగు మారడం. తెల్లపత్తికీ తడిసిన పత్తికీ రేటులో తేడా ఎంతో సినిమా టికెట్ కొన్నవాడికి అక్కర్లేదు కదా.

ఇక ఎండ. మనకి దీని మీద ఉన్న జోకంతా ఒక్క ఊరి మీదే, రెంటచింతల. "అక్కడివాడు నరకానికెళ్తే స్వెట్టరడుగుతాడు" టైపు. నేనూ చెప్పాను, ఎన్నోసార్లు. 2003 మే ఎండలకి ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. 2015లో విడిపోయిన ఆంధ్రలోనే మళ్ళీ వెయ్యి దాటారు. లైలాకి పోయినవాళ్ళు పదుల్లో. అయినా ఎండకి పేరు లేదు, తీరం దాటడం లేదు, టీవీలో గుండ్రంగా తిరిగే బొమ్మ లేదు. రోహిణీ కార్తె అంటాం, కానీ అది ప్రతి ఏడూ వచ్చేదేగా.

మా ఊళ్ళో పత్తిమోళ్ళు పీకడానికి వెళ్ళి ఒకావిడ చేలోనే పడిపోయింది, మళ్ళీ లేవలేదు. మాకు బాగా తెలిసిన మనిషి. ఎప్పుడని మొన్న మా పెదనాన్నని అడిగాను. "ఆ ఎండలప్పుడురా" అన్నాడు. ఏ ఎండలు అంటే, కాసేపు వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు.