సర్ అక్బర్ హైదరీ (1869–1942)

హైదరాబాదు సంస్థానమునకు ఆర్థిక, రైల్వే సభ్యుడుగను, పిమ్మట సదర్-ఎ-ఆజముగను (ప్రధానమంత్రిగను) వ్యవహరించి, దర్బారులో నవాబ్ హైదర్ నవాజ్ జంగ్ అను బిరుదముచే ప్రసిద్ధుడైన సర్ అక్బర్ హైదరీ 1869 నవంబరు 8వ తేదీన బొంబాయి నగరమున, సులేమానీ బోరా శాఖకు చెందిన వర్తక కుటుంబమున జన్మించెను. రాజాస్థానమున కొలువు, ప్రభువుచే పొందిన బిరుదము, ఇనుపదారిపై పెత్తనము అను మూడును ఒక్క వ్యక్తియందు కూడుట ఇంగ్లండులో వింతగాదు. కల్రాస్ ప్రభువగు కాల్విల్ యువరాణి అలెగ్జాండ్రా కొలువులో ఛేంబర్లేనుగ నుండుచునే 1880 నుండి 1895 వరకు గ్రేట్ నార్తరన్ రైల్వే కంపెనీకి అధ్యక్షత వహించెను. కాని కాల్విలునకు ప్రభు బిరుదము పుట్టుకతో వచ్చినది. హైదరీకి సమస్తమును లెక్కల పుస్తకముతో వచ్చినది.

హైదరీ చేతికి వచ్చిన రైల్వే ఎట్టిదో తెలియనిదే అతడు చేసిన పని విలువ తెలియదు. వాడి నుండి సికిందరాబాదునకు వేయబడిన తొలిమార్గము 1874 అక్టోబరులో తెరువబడెను. దాని వ్యయము నిజాము ఖజానాకు మోయరాని బరువగుటచే, 1883లో లండనునందు నిజాం గ్యారంటీ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడి, మూలధనముపై నూటికి 5 వంతున ఇరువదేండ్లు వడ్డీ చెల్లించుటకు సంస్థానము పూచీపడెను. రైలు నడిచినను నడువకున్నను, బండిలో జనమెక్కినను ఎక్కకున్నను, లండను వాటాదారునకు అతని వడ్డీ అతనికి ముట్టుచుండెనన్నమాట. ఆ సంవత్సరముననే దివాను సాలార్ జంగు మరణించెను. ఈ మార్గమును చాందాకు పొడిగించు రైల్వే పథకము గుట్టుగ సాగుచున్నదని, లెక్కలు ప్రజల ముందుంచవలెనని నగరమున అలజడి చెలరేగగా, అందు ముందు నిలిచిన ఆచార్య అఘోరనాథ చట్టోపాధ్యాయుని ప్రభుత్వము నగరమునుండి బహిష్కరించెను. ఈ రైల్వే బేరమున ప్రధాన పాత్రధారియై సర్దార్ దిలేర్ జంగ్ బిరుదాంకితుడైన అబ్దుల్ హక్, గనుల కంపెనీ వాటాల వ్యవహారమున చిక్కి 1888లో పదవిని గోల్పోయెను. ఆ గనుల విషయము బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘము వరకు పోయినది. పరదేశపు ధనమును తెచ్చుట సులభమనియు, దానిని తిరిగి పంపివేయుటయే కష్టమనియు సంస్థానమునకు తెలియుటకు అర్ధ శతాబ్దము పట్టెను.

హైదరీ పదునేడవ యేటనే బొంబాయిలో పట్టభద్రుడై, 1888లో భారత ప్రభుత్వ ఆర్థిక శాఖయందు ప్రవేశించెను. 1905లో అకౌంటెంటు జనరలుగ హైదరాబాదునకు ఎరువుపై వచ్చిన యీ యుద్యోగి, తన జీవితములో ఎక్కువ భాగము సంస్థాన సేవయందే గడిపెను. స్థానికుల దృష్టిలో అతడు కడదాక గైర్-ముల్కీయే (బయటివాడే). ప్రసిద్ధమైన త్యాబ్జీ కుటుంబమునకు చెందిన అతని భార్య 1908 మూసీ వరదల యందు బాధితులకు చేసిన సేవచే మన్ననలందెను. అఘోరనాథుని కుమార్తెయగు సరోజినీ నాయుడు ఈ దంపతులకు ఆప్తురాలు. తండ్రిని రైల్వే గొడవలో వెళ్లగొట్టిన సంస్థానమున ఆ రైల్వేకే పెత్తందారుడగు వానితో కుమార్తెకు చెలిమి కుదురుట చరిత్ర చేయు చమత్కారములలో నొకటి.

హోం కార్యదర్శిగ నున్నప్పుడు హైదరీ పురావస్తు శాఖ స్థాపనకు తోడ్పడి, అజంతా చిత్రముల రక్షణకు శ్రద్ధ వహించెను. 1917లో అతడు సమర్పించిన నివేదికపైననే ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఫర్మాను వెలువడెను. ఆంగ్లమును కాదని దేశభాషలో ఉన్నత విద్య గరపుట గొప్ప సాహసమే. అయితే ఆ దేశభాష ఉర్దూ అయ్యెను. సంస్థాన ప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారు. ఇందూరు (నిజామాబాదు) రైతుబిడ్డ తన తల్లి మాటలో బీజగణితము చదువుకొను భాగ్యము ఆ ఫర్మానులో లేకపోయెను. ఇందలి లోపమును హైదరీ గుర్తించినట్లు అతని తరువాతి చర్యలలో కానరాదు.

1921లో ఆర్థిక సభ్యుడైన పిదప అతని ప్రతిభ పూర్ణముగ వెల్లడియయ్యెను. ఒక్కొక్క శాఖకు కొన్నేండ్లకు సరిపడు మొత్తమును ముందుగనే కేటాయించి, ఆ హద్దు దాటకుండ ఖర్చు నడుపు పద్ధతిని అతడు ప్రవేశపెట్టెను. మిగులు నిధులు కూడబెట్టబడెను. పరిశ్రమలకు పెట్టుబడి పెట్టుటకై ప్రత్యేక నిధి యేర్పడెను. ఈ కూడబెట్టిన బలముతోనే రైల్వే కంపెనీతో సంప్రదింపులు సాగి, 1930 ఏప్రిల్ 1వ తేదీన మార్గములన్నియు సంస్థానపు సొంత ఆస్తియై, 'గ్యారంటీ' అను మాట తొలగి, నిజాం స్టేట్ రైల్వే అను పేరు నిలిచెను. పూచీపడిన నాటినుండి లెక్కించిన 47 ఏండ్లు. కాజీపేట–బల్హార్షా మార్గము పూర్తియై ఉత్తర దక్షిణములు కలిసినదియు ఆ ముందటి యేడే. 1932లో రైల్వే శాఖయే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాను ఆరంభించెను. నేటి ఆర్టీసీకి మూలము అదియే.

నిజామాబాదు జిల్లావారికి ఈ వృత్తాంతము పరాయిది గాదు. సికిందరాబాదు నుండి మన్మాడునకు పోవు గోదావరి లోయ మీటరుగేజి మార్గము 1899–1901 మధ్య వేయబడినది; కామారెడ్డి దాటి అడవి గుట్టల నడుమ సిర్నాపల్లి, ఇందల్వాయి, డిచ్‌పల్లి మీదుగ ఇందూరు చేరును. సిర్నాపల్లి సంస్థానమునేలిన రాణి శీలం జానకీబాయి తన సీమ మీదుగ ఈ దారిని రప్పించుకొన్నదని అచ్చటి వృద్ధులు చెప్పుదురు. బోధన్ శాఖ విడివడు జానకంపేట ఆమె పేర వెలసినదే. లండను కంపెనీ ఇనుపదారిపై వెలసిన యీ చిన్న స్టేషనులు 1930లో ఒక్క రాత్రిలో నిజాము సొత్తయినవి. మరుసటి యేడు నవాబ్ అలీ నవాజ్ జంగ్ రూపొందించిన నిజాంసాగర్ పూర్తియై, మంజీర నీరు 2,75,000 ఎకరముల ఆయకట్టునకు పారుటకు మార్గమేర్పడెను. నీరు వచ్చిన తోడనే చెరకు వచ్చెను. చెరకు వెంట 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్ కర్మాగారము స్థాపితమయ్యెను. ఆనకట్ట కట్టినవాడు ఇంజనీరు, చెరకు నాటినవాడు రైతు. కాని కాలువ, రైలు, గానుగ మూడింటికిని ఒక్క తరములోనే సొమ్ము సమకూడుట హైదరీ ఖజానా నడిపిన తీరుచేతనే సాధ్యమయ్యెనని చెప్పుట అతిశయోక్తి గాదు.

1928లో అతనికి 'సర్' బిరుదము లభించెను. లండను రౌండు టేబిలు సమావేశములకు హైదరాబాదు ప్రతినిధులను నడిపించెను. 1936లో బ్రిటిషు ప్రభుత్వముతో బేరారు ప్రాంతముపై ఒడంబడిక కుదిరి, ప్రీవీ కౌన్సిలు సభ్యత్వమబ్బెను. 1937లో సదర్-ఎ-ఆజం అయ్యెను. సరిగ ఆ సంవత్సరముననే మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాంధ్ర మహాసభ నిజామాబాదులో జరిగెను. అంకెలతో తీరని సమస్యలు అప్పుడు అతని ముందు నిలిచెను. 1938లో స్టేట్ కాంగ్రెసు నిషేధింపబడగా సత్యాగ్రహము సాగినది. ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులు బహిష్కృతులై, పి.వి. నరసింహారావు మున్నగువారు చదువు ముగించుకొనుటకు నాగపూరునకు తరలవలసి వచ్చెను. తానే ప్రాణము పోసిన విద్యాలయపు విద్యార్థులను తన ప్రభుత్వమే వెళ్లగొట్టినది. 1939లో ప్రకటించిన సంస్కరణలు ఎవరినీ తృప్తిపరుపలేదు. లండనులో షరతులు వ్రాయించి గెలువగల నేర్పు, తన నగరమున యువకుల మాట వినుటలో అతనికి అక్కరకు రాకపోయెను.

1941లో హైదరాబాదును వీడి, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సమాచార సభ్యుడై, 1942 జనవరిలో ఢిల్లీలో కాలధర్మము నొందెను. 1947లో నాగాలతో ఒడంబడిక చేసికొన్న అస్సాం గవర్నరు సర్ అక్బర్ హైదరీ ఇతని కుమారుడు. పేరు ఒకటే యగుటచే పలువురు పొరబడుచుందురు. అరవిందుని యెడ భక్తిగల హైదరీ, పుదుచ్చేరి ఆశ్రమమున వసతిగృహ నిర్మాణమునకు నిజాము ప్రభుత్వమునుండి లక్ష రూపాయలు ఇప్పించెను. ఆ కృతజ్ఞతచేతనే ఆ భవనమునకు 'గోల్కొండ' అని పేరిడిరి, నేటికిని దానిని చూడవచ్చును. నిజామాబాదు జిల్లాలో నైతే ఇందల్వాయి మీదుగ పోవు మీటరుగేజి దారి బ్రాడ్‌గేజి అయినది. శక్కర్‌నగర్ కర్మాగారము 2015లో మూతపడినది.