కాటిసీను

బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) రచించిన ‘సత్య హరిశ్చంద్రీయం’ పద్యనాటకంలోని వారణాసి శ్మశాన ఘట్టానికి జనం పెట్టుకున్న పేరు కాటిసీను. ఆలుబిడ్డలను అమ్మి, కాటి యజమాని వీరబాహుడికి తానూ అమ్ముడుపోయి కాటికాపరి అయిన హరిశ్చంద్రుడు చితుల నడుమ ఒంటరిగా పాడే స్వగతం దీనికి ప్రాణం.

కథ బహు పాతది. ఐతరేయ బ్రాహ్మణంలో హరిశ్చంద్రుడున్నా కాటికాపలా లేదు. అది మార్కండేయ పురాణంలో కనిపిస్తుంది. కన్నడంలో రాఘవాంకుడు కావ్యంగా, తెలుగులో గౌరన ద్విపదగా రాశారు. గౌరన తరువాతి శతాబ్దాల్లో కథ జానపద కళారూపాల్లో నిలిచింది.

బలిజేపల్లి నాటకం 1912 నాటిది. అయితే ఈ సీనులో మిక్కిలి ప్రసిద్ధమైన పద్యాలు ఆయనవి కావు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా (1895–1971) ‘శ్మశానవాటి’ ఖండికలోవి. నటులు వాటిని నాటకంలో కలుపుకున్నారు. కవి, రాజు, ముత్తైదువ అందరూ చివరికి చేరే చోటుగా, అంటరానితనం చెల్లని చోటుగా శ్మశానాన్ని చూపిన రచన అది. కులం పేరిట అవమానాలు పడ్డ కవి మాటలు, చక్రవర్తిగా ఏలి కాటికాపరుల కొలువులో చేరినవాడి నోట పలికాయి. తన కష్టం చెప్పుకునే రాజు అందరి చావునూ తలపోసేవాడయ్యాడు. ఈ ఘట్టానికి ఇంతటి లోతు ఇచ్చినవి ఆ పద్యాలే.

హార్మోనియం శ్రుతిలో పద్యం చివర దీర్ఘంగా రాగం తీయడం, ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ అందుకోవడం రంగస్థల సంప్రదాయం. కాంట్రాక్టు నాటకాల్లో మొదటి హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు అంటూ ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురికి పంచేవారు. కాటిసీను పేరున్న గాయకనటుడికి దక్కేది. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు ఈ పాత్రతో ఆంధ్రదేశమంతా పేరుపొందారు. స్వగతం ముగిశాక పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితుడి శవంతో భార్య చంద్రమతి వస్తుంది. కాటిసుంకం అడిగిన భర్త ఆమె మంగళసూత్రాన్ని చూసి గుర్తుపడతాడు. అప్పుడు కూడా సుంకం మానడు.

సినిమాగా 1935లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబలతో, 1965లో ఎన్.టి. రామారావుతో ఈ కథ వచ్చింది.

కాటిసీను వేసే ప్రతి సమాజమూ తన కరపత్రంలో బలిజేపల్లి పేరు పక్కన జాషువా పేరును కూడా అచ్చువేయాలి.