ఇంటర్నెట్ వేగం: కొలతల కథ

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన ప్రజలకు ఇంటర్నెట్ అందించింది. తొలి సేవలు మహానగరాలకే పరిమితం. టెలిఫోన్ తీగపై వేగం సెకనుకు 9.6 కిలోబిట్ల స్థాయిలో ఉండేది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా నిర్ణయించింది. 2023లో అది 2 మెగాబిట్లయింది. తాపీ నది ముఖద్వారంలోని హజీరాకైనా, మన వరంగల్లుకైనా ఈ నిర్వచనం ఒక్కటే.

అయితే ప్రకటనల్లోని వేగం బిట్లలో ఉంటుంది. మనం దించుకునే ఫైళ్ల పరిమాణం బైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు. కనుక 40 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు గరిష్ఠంగా 5 మెగాబైట్లే దిగుతాయి. మిగతా పరికరాలు ఆపి, కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా కలిపి, పగలూ రాత్రీ పరీక్షించండి. కొలత తెలిసినవాడే చెల్లించిన డబ్బుకు తగిన సేవను అడిగి పొందగలడు.