వాలుప్రాస ఎవరి చెవికి వాలు?

ప్రాస పూర్తిగా కుదరనప్పుడు ఆంగ్ల విమర్శకులు దాన్ని ‘స్లాంట్ రైమ్’ అంటారు. స్లాంట్ అంటే ఒరిగినది, వాలినది. ఈ వ్యాసంలో నేను దాన్ని వాలుప్రాస అంటాను. ఒక గోడ వాలిందో లేదో తేల్చడానికి మేస్త్రి పైనుంచి గుండు కట్టిన దారం వేలాడదీస్తాడు. ఆ దారం లేకపోతే వాలు అనే మాటకే అర్థం లేదు. మరి ప్రాస వాలిందని నిర్ణయించడానికి వేలాడదీసిన దారం ఏది? దాని పై కొస ఎవరి చేతిలో ఉంది? అమెరికాలోని నల్లజాతి యువకులు 1970ల నుంచి సృష్టించుకున్న ర్యాప్ పాటలో వాలుప్రాస చరిత్రను పరిశీలించేవారికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఇది అలంకారశాస్త్రం దగ్గరే ఆగే ప్రశ్న కాదు. బడిలో పిల్లవాడి ఉచ్చారణకూ, న్యాయస్థానంలో ముద్దాయి స్వేచ్ఛకూ కూడా దీనితో సంబంధం ఉంది.

ముందుగా విషయాన్ని తెలుగు మాటలతో స్పష్టపరచుకుందాం. ‘కరువు’, ‘బరువు’: మొదటి హల్లు తప్ప తక్కినదంతా ఒకటే. ఇది నిండు ప్రాస. ‘కరువు’, ‘పరుగు’: చివరి హల్లు కూడా మారింది, ప్రాస కొంచెం ఒరిగింది. ‘కరువు’, ‘గడుపు’: హల్లులన్నీ మారిపోయాయి. అయినా అ, ఉ, ఉ అనే అచ్చుల వరస నిలిచి ఉంది. చెవి ఆ వరసను పట్టుకుంటుంది. ర్యాప్ కవులు ప్రధానంగా ఆధారపడినది ఈ మూడో పద్ధతి మీద. మన పద్యంలో ప్రాస దీనికి సరిగ్గా తలకిందులు. పాదంలోని రెండో అక్షరంలో హల్లు మారకూడదు, అచ్చు ఏదైనా కావచ్చు. వాళ్లు అచ్చును నిలిపి హల్లును వదిలారు. మనం హల్లును నిలిపి అచ్చును వదిలాం. యతిలో మనం మరికొంత ఉదారంగా ఉన్నాం. క, ఖ, గ, ఘలు ఒకదానికొకటి మిత్రులని ఒప్పుకున్నాం. అంటే ధ్వని సామ్యం సంపూర్ణంగా ఉండాలన్న నియమం ప్రకృతి శాసనం కాదు. ఏ ధ్వనులు ఒకదానికొకటి చాలునో ప్రతి భాషా సమాజమూ తనకు తాను నిర్ణయించుకుంటుంది.

ఆంగ్లంలో వాలుప్రాస ర్యాప్‌తో పుట్టలేదు. ఎమిలీ డికిన్సన్ 19వ శతాబ్దంలోనే దాన్ని విరివిగా వాడింది. ఆమె మరణించిన తర్వాత 1890లో మొదటి సంపుటి వెలువడినప్పుడు, సంపాదకులు కొన్నిచోట్ల ఆమె ప్రాసలను ‘సరిదిద్ది’ అచ్చువేశారు. ఆమె రాసినది రాసినట్లుగా చదవడానికి పాఠకులు 1955 దాకా ఆగవలసివచ్చింది. విల్ఫ్రెడ్ ఓవెన్ మొదటి ప్రపంచయుద్ధం గురించి రాసిన కవితల్లో హల్లులను నిలిపి అచ్చులను మార్చాడు. అక్కడ ప్రాస కావాలనే గరగరలాడుతుంది. యుద్ధం విరిచేసిన ప్రపంచంలో నిండు ప్రాస అబద్ధంగా వినిపిస్తుందని ఆ కవితలు మనకు తోపింపజేస్తాయి. 1918 నవంబరులో, యుద్ధం ముగియడానికి వారం రోజుల ముందు అతను హతుడయ్యాడు. కాని ఈ ఇద్దరిదీ కాగితం మీది కవిత్వం. పుట మీద ఒకరే కూర్చుని చదువుకునే పాఠకుడిని ఉద్దేశించినది. ర్యాప్ పుట్టుక వేరు, దాని అవసరం వేరు.

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతాన్ని చీల్చుకుంటూ 1948లో ఒక మహా రహదారి నిర్మాణం మొదలయింది. వేలాది శ్రామిక కుటుంబాలు ఇళ్లు కోల్పోయాయి. 1970లలో దక్షిణ బ్రాంక్స్ అగ్నిప్రమాదాలతో, యజమానులు వదిలేసిన భవనాలతో శిథిలమయింది. 1975లో నగర ప్రభుత్వం దివాలా అంచుకు చేరి, ప్రజలకు అందే సేవలను కోసేసింది. ఈ శిథిలాల మధ్య, 1973 ఆగస్టు 11న, సెడ్జ్విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో, జమైకా నుంచి వలసవచ్చిన కుటుంబపు యువకుడు డీజే కూల్ హెర్క్ ఒక విందులో గ్రామఫోను రికార్డులు వేశాడు. పాటలో గాయకుడు ఆగి డప్పులు మాత్రమే మోగే ఘట్టాన్ని రెండు రికార్డులతో మళ్లీమళ్లీ వినిపించడం అతని పద్ధతి. ఆ డప్పుల మీద మైకు పట్టుకుని జనాన్ని హుషారు చేయడానికి పలికిన మాటలే ర్యాప్‌కు బీజం. వాద్యాలు కొనే స్తోమత లేనిచోట ఉన్న రికార్డే వాద్యమయింది, మాటే పాటయింది. దీని వెనుక నల్లజాతి వీధుల్లో తరతరాలుగా ఉన్న మౌఖిక సంప్రదాయం ఉంది. పరస్పరం దెప్పుకునే మాటల పోటీలూ, దీర్ఘమైన హాస్యకథా పద్యాలూ, 1968లో హార్లెంలో వెలసిన ‘లాస్ట్ పోయెట్స్’ బృందపు రాజకీయ కవిత్వమూ అందులోవి.

ఇక్కడ ఒక పూర్వపక్షాన్ని ఎదుర్కోవాలి. ‘వాళ్లకు సరైన ప్రాస చేతకాదు కనుక వాలుప్రాసతో సరిపెట్టుకున్నారు’ అనేది ఆ వాదం. చరిత్ర దీన్ని సమర్థించదు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ రికార్డు ‘రాపర్స్ డిలైట్’ ర్యాప్‌ను మొదటిసారిగా విశాల జనానికి చేర్చింది. ఆ తొలి దశలో ప్రాసలు చాలావరకు నిండు ప్రాసలే. పాదం చివర టంచనుగా పడేవి, బాలగేయాల్లో మాదిరిగా ముందే ఊహకు అందేవి. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ బస్తీ జీవితపు దుర్భరతను పాటలోకి తెచ్చి వస్తువును మార్చింది. శిల్పంలో గట్టి మలుపు 1987లో ఎరిక్ బి, రకీంల ‘పెయిడ్ ఇన్ ఫుల్’తో వచ్చింది. శాక్సోఫోను నేర్చినవాడూ, జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌ను అభిమానించినవాడూ అయిన రకీం ప్రాసను పాదాంతం నుంచి విడుదల చేశాడు. పాదం మధ్యకు తెచ్చాడు, ఒక పాదం నుంచి మరో పాదంలోకి పారించాడు. 1994లో క్వీన్స్‌బ్రిడ్జ్ కార్మిక గృహసముదాయంలో పెరిగిన నాస్ తన ‘ఇల్‌మాటిక్’లో మూడు నాలుగు అక్షరాల అచ్చుల వరసను పాదం వెంట పాదంగా నిలబెట్టి, దానితో వీధి కథ చెప్పాడు. కనుక క్రమం స్పష్టం. నిండు ప్రాస మొదటిది. నైపుణ్యం పెరిగినకొద్దీ వాలుప్రాస విస్తరించింది. అది చేతకానితనపు గుర్తు కాదు, ఎదుగుదల గుర్తు.

ఎందుకిలా జరిగింది? కారణాలు ధ్వనిలోనూ ఉన్నాయి, పనిలోనూ ఉన్నాయి. ర్యాప్‌లో ఒక చరణం సాధారణంగా పదహారు తాళావర్తాలు. పాటకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మాటలు అందులో పడతాయి. ఆంగ్లంలో చాలా మాటలకు నిండు ప్రాసలు కొద్దిపాటివే. వాటిని మాత్రమే వాడితే అందరూ ఒకే జతలను అరగదీయాలి, చెప్పదలచిన విషయం ప్రాసకు దాసి అవుతుంది. పైగా డప్పు మోత మీద మాట వినిపించాలంటే కంఠంలో నిలిచి మోగేది అచ్చే. పాదం చివరి హల్లు డప్పు దెబ్బలో కలిసిపోతుంది. కాబట్టి చెవికి అందేదాన్నే ప్రాసకు ఆధారం చేసుకోవడం న్యాయం. ‘హోమ్’, ‘స్టోన్’ అనే మాటలను పుట మీద చూస్తే తేడా కనిపిస్తుంది. గట్టిగా పలికితే రెండింటా ఓకారమే మోగుతుంది. చివర ఉన్నవి రెండూ అనునాసికాలే. తెలుగు లాక్షణికుడైతే వీటికి మైత్రి ఉందనేవాడు.

ఒక మాట చొప్పున కాక పలుకుల గుంపుగా ప్రాసను కూర్చడం కూడా ఇందువల్లే సాధ్యమయింది. ఆంగ్లంలో ‘ఆరెంజ్’కు ప్రాస లేదని పాతమాట. డెట్రాయిట్‌కు చెందిన తెల్లజాతి ర్యాప్ కవి ఎమినెం 2010లో ఒక టెలివిజన్ సంభాషణలో ఆ మాటను తోసిపుచ్చాడు. పదాన్ని రెండు పలుకులుగా విరిచి, అచ్చును కొద్దిగా వంచి, ‘డోర్ హింజ్’, ‘స్టోరేజ్’, ‘పారిడ్జ్’ అనే మాటలను దాని పక్కన నిలబెట్టి చూపాడు. ప్రాస నిఘంటువులో ముందే కూర్చుని ఉండదు. నోరు దాన్ని తయారుచేస్తుంది.

నోరు అన్నాను. ఎవరి నోరు అనేదే ఈ చరిత్రకు కీలకం. ‘మైండ్’, ‘లైన్’ అనే మాటలను నిఘంటువు ప్రకారం పలికితే వాలుప్రాసే. కాని నల్లజాతి ఆంగ్లంలో పదాంతపు జంట హల్లులో చివరిది తరచు లోపిస్తుంది. ‘మైండ్’ ‘మైన్’ అవుతుంది. అప్పుడు ప్రాస నిండు ప్రాస. ‘డోర్’ చివరి రేఫ లోపించి ‘డో’ అయితే, అది ‘గో’తో నిక్కచ్చిగా కలుస్తుంది. ఒకే జత విశ్వవిద్యాలయపు తరగతిలో ఒరిగి ఉంది, హార్లెం వీధిలో నిటారుగా ఉంది. వాలు గోడలో లేదు, దారం పట్టుకున్న చేతిలో ఉంది. అన్ని వాలుప్రాసలూ ఇలా నిండు ప్రాసలైపోతాయని నేననను. ‘హోమ్’, ‘స్టోన్’ ఎక్కడైనా వాలుప్రాసే. కాని ఆ రెండింటినీ ఒకే చూపుతో తప్పుగా లెక్కించే అలవాటు మాత్రం వర్గసమాజపు అలవాటు.

1960లలో కొందరు విద్యా మనస్తత్వవేత్తలు నల్లజాతి పేదపిల్లలకు భాషే సరిగా లేదని ప్రకటించారు. భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ హార్లెంలో పరిశోధించి, వారి భాష నియమబద్ధమైనదనీ, పై హల్లు లోపాలకు సైతం సూత్రాలున్నాయనీ నిరూపించాడు. అతని గ్రంథం 1972లో వెలువడింది. 1979 జులైలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ పాఠశాలల వ్యాజ్యంలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, పిల్లల ఇంటి భాషను ఉపాధ్యాయులు గుర్తించి దాన్ని లెక్కలోకి తీసుకుని చదువు నేర్పాలని తీర్పు ఇచ్చాడు. ‘రాపర్స్ డిలైట్’ విడుదలయినది అదే సంవత్సరం, రెండు నెలల తర్వాత. రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. కాని న్యాయస్థానం గుర్తించమన్న నాలుకే, లోకం వినేట్టు తన ఛందస్సును తాను నిర్మించుకోసాగింది.

అయితే న్యాయస్థానాలు ఎప్పుడూ ఇలా వినలేదు. ర్యాప్ రచనలను నేరారోపణలో సాక్ష్యంగా చదివి వినిపించడం అమెరికాలో దశాబ్దాలుగా సాగింది. న్యూజెర్సీలో ఒక హత్యాయత్నం కేసులో ముద్దాయి అంతకుముందు రాసుకున్న ర్యాప్ రచనలు 13 పుటల మేర జూరీకి వినిపించారు. నేరంతో గట్టి సంబంధం చూపకుండా అటువంటి రచనలను వాడరాదని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2014లో తేల్చింది. 2022లో కాలిఫోర్నియా ఇందుకు సంబంధించిన చట్టమే చేసింది. ఇక్కడ ప్రాస తెలియకపోవడం ఎంత ప్రమాదమో గమనించాలి. ప్రాస కోసం, అచ్చుల వరస కోసం ఎన్నుకున్న మాట ఎదుటివాడికి ఒప్పుకోలు వాంగ్మూలంగా వినిపిస్తుంది. మన కవి పద్యంలో శత్రువు తల నరికినట్టు వర్ణిస్తే ఏ పోలీసూ రాడు. పేదవాడి రచనకు శిల్పం ఉండదనీ, అది కేవలం ఆక్రందనో, నేరమో అయి ఉంటుందనీ అనుకోవడమే ఆ చెవుడుకు మూలం.

ఇంత చెప్పి ఈ శిల్పాన్ని ఆరాధించమని నేను కోరడం లేదు. రికార్డు కంపెనీల మార్కెట్టు ఆ నైపుణ్యాన్ని సొంతం చేసుకుంది. ఆరేడు అక్షరాల ప్రాసవరసలతో బంగారు గొలుసులనూ, కార్లనూ పొగిడే పాటలూ, స్త్రీలను అవమానించే పాటలూ కోట్ల కొలది అమ్ముడయ్యాయి. ప్రబంధయుగం చివర శ్లేష, బంధకవిత్వం ఎలా ఖాళీ కుండలయ్యాయో మనకు తెలుసు. ప్రజల నోటి నుంచి పుట్టిన సాధనం కూడా ప్రజల విషయం వదిలేస్తే ఆభరణమే అవుతుంది. 2018లో కెండ్రిక్ లమార్‌కు పులిట్జర్ బహుమతి రావడం గౌరవమే. కాని పీడితుల కళను బహుమతితో కొలవడం కూడా మళ్లీ పై దారం పట్టుకోవడమే.

ఇక మన సంగతి. మన విద్యార్థులు తెలుగులో ర్యాప్ రాస్తున్నారు, నా తరగతిలోనూ ఉన్నారు. వాళ్లలో కొందరు ‘వచ్చారు, చెప్పారు, వెళ్లారు’ అని పాదాలు ముగించి ప్రాస కుదిరిందనుకుంటారు. క్రియాప్రత్యయం ఉచితంగా ఇచ్చే ప్రాస అది, దానికి వెల లేదు. ఆంగ్లంలో నిండు ప్రాస అరుదు కనుక వాళ్లు వాలును వెదికారు. అజంత భాష అయిన తెలుగులో అంత్యప్రాస చవక కనుక మనం వెదకవలసినది మరొకటి. హల్లును పట్టుకునే మన ప్రాస, మిత్రధ్వనులను ఒప్పుకునే మన యతి, పాదం లోపల మాటల మధ్య మోగే సామ్యం మనకు దగ్గరి దారులు. ఆ పాఠాన్ని బ్రాంక్స్ నుంచి యథాతథంగా దించుకోలేం. అక్కడి పద్ధతి అక్కడి నాలుకది. దించుకోదగినది ఒక్కటే: నీ బస్తీ, నీ ఊరు, నీ తల్లి ఎలా పలుకుతారో అలా విని, ఆ వినికిడి మీద ప్రాస కట్టు.

వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడి శతాబ్దం దాటింది. వాక్యంలో ఆ పోరాటం చాలావరకు గెలిచాం. ఉచ్చారణలో ఇంకా గెలవలేదు. ‘వచ్చిన్రు’ అనే పిల్లవాడినీ, ‘వచ్చినారు’ అనే పిల్లనూ ‘వచ్చారు’ అని దిద్దే ఎర్ర సిరా ఇంకా ఆరలేదు. ఆ ముగ్గురి నాలుకలకూ మూడు ప్రాసలున్నాయి. ఉపాధ్యాయులుగా మన ముందున్న పని ఆ దిద్దుబాటుకు ముందు ఒక క్షణం ఆగి వినడం. ఒరిగినట్టు కనిపించే ఆ మాట వాళ్ల వీధిలో ఎలా నిలబడుతుందో తెలుసుకున్న తర్వాతనే కలం తీయాలి.