అమెరికాలో మత్స్య ఉత్పత్తుల దిగుమతి నిబంధనలు

విదేశాల నుండి చేపలు, రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు మొదలైన వాటిని అమెరికా సంయుక్త రాష్ట్రాలకు తెచ్చి విక్రయించేవారు పాటించవలసిన ప్రభుత్వ నియమాలను అమెరికా మత్స్య ఉత్పత్తుల దిగుమతి నిబంధనలు అంటారు. ఆ దేశ ప్రజలు తినే మత్స్య ఉత్పత్తులలో అధిక భాగం దిగుమతి అయినవే. అమెరికాకు రొయ్యలను పంపే దేశాలలో భారతదేశం ముఖ్యమైనది. భారతదేశపు సాగు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం. అందుచేత ఈ నిబంధనలు భీమవరం, నెల్లూరు ప్రాంతాల రైతులకు కూడా సంబంధించినవే.

నియంత్రణ సంస్థలు

మత్స్య ఉత్పత్తుల భద్రతను ప్రధానంగా ఎఫ్.డి.ఏ. అని పిలువబడే ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పర్యవేక్షిస్తుంది. దీనికి ఆధారం 1938 నాటి ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం. వాలుగ జాతి చేపలు మాత్రం 2016 నుండి వ్యవసాయ శాఖ తనిఖీ క్రిందకు వచ్చినవి. చేపలు ఎక్కడ, ఎట్లు పట్టబడినవో తెలిపే రికార్డులను సముద్ర మత్స్య సేవా సంస్థ కోరుతుంది. సుంకాల వసూలు కస్టమ్స్ శాఖ బాధ్యత.

హాసప్ విధానం

తయారైన సరుకును చివరలో పరీక్షించుటకు బదులు, తయారీలో ప్రమాదం ఏ దశలో కలుగవచ్చునో ముందే గుర్తించి అక్కడనే అదుపు చేయుట హాసప్ విధానం యొక్క ముఖ్యోద్దేశం. మత్స్య ఉత్పత్తులకు సంబంధించిన హాసప్ నియమాలు 1995 డిసెంబరు 18న ప్రకటింపబడి, 1997 డిసెంబరు 18 నుండి అమలులోకి వచ్చినవి. ఇవి స్వదేశీ కర్మాగారాలకు, విదేశీ కర్మాగారాలకు సమానంగా వర్తిస్తాయి. ఉదాహరణకు రొయ్యలను శుద్ధి చేసే కర్మాగారంలో మందుల అవశేషాలు ఒక ప్రమాదం. రైతు నుండి సరుకు తీసుకొనే దశయే దానికి నియంత్రణ స్థానం. అక్కడ వ్రాసిన రికార్డులను శీతల సరుకుకు ఒక సంవత్సరం, ఘనీభవించిన సరుకుకు రెండు సంవత్సరాలు భద్రపరచవలెను.

దిగుమతిదారుని బాధ్యత

విదేశీ కర్మాగారం నియమాలను పాటించినదని నిరూపించే భారం దిగుమతిదారునిపై ఉన్నది. సరుకు లక్షణాలను తెలిపే పత్రం, కర్మాగారాన్ని సరిచూచిన విధానం అతనివద్ద లిఖితపూర్వకంగా ఉండవలెను. తగిన రుజువు లేని పక్షంలో సరుకు కల్తీ అయినట్లుగానే పరిగణింపబడుతుంది.

2002 నాటి జీవ ఉగ్రవాద నిరోధక చట్టం ప్రకారం విదేశీ కర్మాగారం ఎఫ్.డి.ఏ. వద్ద నమోదు కావలెను. సరుకు రాకను ముందుగా తెలియజేయవలెను. ఓడలో వచ్చే సరుకుకు కనీసం 8 గంటలు, విమానంలో వచ్చే సరుకుకు 4 గంటలు, రోడ్డు మార్గాన వచ్చే సరుకుకు 2 గంటలు ముందుగా ఈ సమాచారం అందవలెను.

రేవులో తనిఖీ, దిగుమతి హెచ్చరికలు

సరుకు కల్తీ అయినట్లు కనిపించినా చాలు, దానిని నిరాకరించే అధికారం చట్టం ఎఫ్.డి.ఏ.కు ఇచ్చినది. నిరాకరింపబడిన సరుకును 90 రోజులలో తిరిగి పంపవలెను లేదా నాశనం చేయవలెను. సాల్మొనెల్లా సూక్ష్మజీవులు, కుళ్ళుదల, అపరిశుభ్రత, పశువైద్య మందుల అవశేషాలు నిరాకరణకు సాధారణ కారణాలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల వాడకానికి ఏమాత్రమూ అనుమతి లేదు. రొయ్యల సాగులో ఇవి భారతదేశంలో కూడా నిషిద్ధాలు.

ఒక సంస్థ సరుకులో లోపం బయటపడితే దాని పేరు దిగుమతి హెచ్చరిక జాబితాలో చేరవచ్చును. అప్పటి నుండి ఆ సంస్థ పంపే ప్రతి సరుకును పరీక్షించకుండానే నిలిపివేస్తారు. సరుకు నిర్దోషమని రుజువు చేయు బాధ్యత దిగుమతిదారునిదే. 2007లో చైనా నుండి వచ్చే సాగు రొయ్యలు, కొన్ని రకాల చేపలపై దేశం మొత్తానికి ఇట్టి హెచ్చరిక జారీ అయినది.

సముద్ర తాబేళ్ళ రక్షణ

1989 నాటి చట్టంలోని 609వ సెక్షన్ ప్రకారం, సముద్ర తాబేళ్ళకు హాని కలిగే పద్ధతిలో పట్టిన రొయ్యలను దిగుమతి చేయరాదు. తాబేలు బయటకు పోవుటకు వీలుగా ట్రాల్ వలలో అమర్చే చట్రాన్ని టెడ్ అంటారు. ఈ నిషేధంపై భారతదేశం, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసినవి. 1998లో అప్పీలు సంఘం చట్టం యొక్క లక్ష్యాన్ని ఆమోదించి, దానిని అమలు చేసిన తీరు వివక్షతో కూడినదని తీర్పు ఇచ్చినది. తరువాత అమెరికా అమలు విధానాన్ని సవరించుకొన్నది. 2019లో భారతదేశానికి ధ్రువీకరణ లభించలేదు. దీనివలన సముద్రంలో పట్టిన రొయ్యల ఎగుమతి దెబ్బతిన్నది. చెరువులలో పెంచిన రొయ్యలకు ఈ నిషేధం వర్తించదు.

విక్రయ నియమాలు

2005 ఏప్రిల్ నుండి పెద్ద దుకాణాలు తాము అమ్మే చేపలు, రొయ్యలు ఏ దేశానివో, సహజంగా పట్టినవో లేక పెంచినవో కొనుగోలుదారునికి తెలుపవలెను. భోజనశాలలకు, చేపలు మాత్రమే అమ్మే దుకాణాలకు, వండి లేదా వేరొక పదార్థంతో కలిపి తయారుచేసిన ఆహారానికి ఈ నియమం నుండి మినహాయింపు ఉన్నది. అందుచేత భోజనశాలలో రొయ్యలు తినేవారికి అవి ఎక్కడివో తెలియకపోవచ్చును.

భారతదేశంలో అనుబంధ ఏర్పాట్లు

1963 నాటి ఎగుమతి నాణ్యతా నియంత్రణ చట్టం క్రింద ఎగుమతి తనిఖీ మండలి కర్మాగారాలకు అనుమతులు ఇస్తుంది. 1972లో ఏర్పడి, కొచ్చి కేంద్రంగా పనిచేసే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎగుమతిదారులను నమోదు చేస్తుంది. తీరప్రాంత రొయ్యల చెరువుల నమోదు, 2005 నాటి చట్టం క్రింద ఏర్పడిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ పని.

విమర్శ

2009లో ఎఫ్.డి.ఏ. దిగుమతి అయిన మత్స్య ఉత్పత్తులలో సుమారు 0.1 శాతాన్ని మాత్రమే మందుల అవశేషాల కొరకు పరీక్షించినదని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2011లో నివేదించినది. అనగా ఈ వ్యవస్థ రేవులోని పరీక్షల కంటె కర్మాగారపు రికార్డులపైనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది. కర్మాగారం అనేక చెరువుల సరుకును సేకరిస్తుంది కనుక, ఒక చెరువులో వాడిన నిషిద్ధ మందు ఫలితంగా మొత్తం సంస్థ సరుకు నిలిచిపోవచ్చును. అప్పుడు మందు వాడని రైతులు సైతం కొనుగోలుదారుని కోల్పోయే ప్రమాదం ఉన్నది. చెరువు గట్టున మందుల వాడకాన్ని సక్రమంగా వ్రాసి ఉంచుటకు గల ప్రాముఖ్యం ఇదే.

ఇవి కూడా చూడండి

* రొయ్య
* ఆక్వాకల్చర్
* ప్రపంచ వాణిజ్య సంస్థ
* ఆలివ్ రిడ్లే తాబేలు