ఖుక్రీ స్మారకం, డయ్యూ

ఖుక్రీ స్మారకం 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో మునిగిన ఐఎన్ఎస్ ఖుక్రీ సిబ్బంది జ్ఞాపకార్థం డయ్యూ పట్టణ తీరాన ఒక చిన్న గుట్టపై నెలకొల్పిన కట్టడం. ఆ ఏడాది డిసెంబరు 9 రాత్రి అరేబియా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడో తగిలి ఈ ఫ్రిగేట్ నిమిషాల్లోనే మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. ఓడను వీడకుండా దానితోపాటే మునిగిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. స్మారకంలో ప్రధాన చిహ్నం మనిషి విగ్రహం కాదు, అద్దాల గదిలో నిలిపిన ఓడ నమూనా. అదే పేరుతో 1989లో నౌకాదళంలో చేరిన క్షిపణి కార్వెట్‌ను 2021 డిసెంబరు 23న విశాఖపట్నంలో విధుల నుంచి తప్పించి, 2022 జనవరిలో మ్యూజియం కోసం డయ్యూ యంత్రాంగానికి అప్పగించారు.