కోలామీభాష: వర్ణవిచారము

జమ్మికుంట విపణికి వచ్చు ప్రత్తిబండ్లవారి తెలుఁగునకును బందరు పండితుల తెలుఁగునకును ఎంత భేదమున్నను రెండును తెలుఁగే. ఆ యూరిమీఁదుగాఁ బోవు కాజీపేట–బల్హార్షా రైలుమార్గము 1929లో పూర్తియైనది. దానివెంట నుత్తరముగాఁ బోయి, గోదావరిని దాఁటి, మంచిర్యాల గడచి, ఆసిఫాబాదు చెంతఁ బడమటికొండలలోనికిఁ దిరిగినచో వేఱొకభాష వినవచ్చును. అందుఁ జెవికి 'కెవ్' అనియు, నిప్పునకు 'కిస్' అనియుఁ బేళ్లు. అదియే కోలామీ. మైదానమువారు దీనిని విని, కొన్నిమాటలు తమవానివలె నుండుటచేఁ జెడిన తెలుఁగనియో, గోండులతోఁ గలసియుండువారి పలుకగుటచే గోండీశాఖ యనియో తలఁచుట కలదు. ఈ రెండు తలంపులును వర్ణపరీక్షకు నిలుచునవి కావు.

కోలాములు ఆదిలాబాదుప్రాంతపుఁ గొండలయందును, పెన్‌గంగ కావల యవత్మాళు, వార్ధామండలములయందును నివసింతురు. 2001 జనగణనలోఁ గోలామీ మాతృభాషగాఁ జెప్పినవారు 1,21,855 మంది; 2011లో 1,28,451 మంది. వీరిలో నధికసంఖ్యాకులు మహారాష్ట్రమువారు. పూర్వము పోడుసేద్యమే వీరికి జీవనాధారము. ఇరువదవశతాబ్దారంభమున నిజాము ప్రభుత్వమువారి యడవిశాఖ యరణ్యములకు హద్దులు పాఁతఁగా నా జీవనము దెబ్బతినెను. 1940లోఁ గుమురంభీము జోడేఘాటున మరణించిన యుద్యమమున గోండులతోపాటు కోలాములును నుండిరి. స్థానికదేవతల కొలువు కోలాములచేతనే జరుగవలెనని గోండుల విశ్వాసము. అందుచే వారిని 'పూజారు'లని పిలుతురు. సంఖ్యచేతను, భూమిచేతను దక్కువయైనవారికి దేవతలకడ నీ పెద్దఱిక ముండుట గమనింపఁదగినది. తూర్పుదిక్కునఁ బల్లమునకు దిగిన కొన్ని కుటుంబములు తమభాష విడిచి తెలుఁగు పట్టి 'మన్నెవార్లు' అనుపేరఁ బరఁగినవి.

ఈ భాషకు లిపి లేదు, ప్రాచీనశాసనము లేదు. జమ్మికుంట యున్న కరీంనగరమండలముననే కురిక్యాల బొమ్మలగుట్టపైఁ బంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు పదవశతాబ్దిమధ్యమునఁ జెక్కించిన శాసనమునఁ దెలుఁగుకందపద్యములు నిలిచియున్నవి. అట్టి తోడు కోలామీకి లేదు. 1906లో వెలువడిన గ్రియర్సను భాషాసర్వేక్షణము నాలుగవసంపుటమున నీ భాష కొంత చర్చింపఁబడినది. 1950లో సేతుమాధవరావుగారు హైదరాబాదునుండి వ్యాకరణమొకటి ప్రకటించిరి. 1955లో ఎమెనోపండితుఁడు, ప్రధానముగా వార్ధాప్రాంతపు మాండలికము నాధారముగాఁ గొని, సమగ్రగ్రంథమును అమెరికాలోఁ బ్రకటించెను. వర్ణముల విషయమున నిప్పటికిని ఆతని గ్రంథమే దిక్కు.

ఇఁక వర్ణములు. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ అను నైదును, వాని దీర్ఘములును. సంస్కృతమున లేని హ్రస్వవక్రములు, అనఁగా ఎకార ఒకారములు, తెలుఁగునందువలెనే యిందును గలవు. దేశ్యపదములలో మహాప్రాణములు లేవు. ణకారము టడల ముందే కాని స్వతంత్రముగా నిలువదు. ఇంతవఱకుఁ దెలుఁగుపండితునకు వింతయేమియుఁ దోఁపదు.

వింత పదాంతమునఁ గలదు. తెలుఁగుపదము అచ్చుతో ముగియును, కానిచో ద్రుతనకారముతో. కోలామీ యట్లు కాదు; హల్లుతో ముగియుట దానికి సహజము. ఊరు 'ఊర్', పులి 'పుల్', పాలు 'పాల్', పల్లు 'పల్', కన్ను 'కన్'. కన్నునకు బహువచనము 'కండ్ల్'. మన 'కండ్లు'లోని తుదియుకారము తీసివేసిన నదియే. దీనిని జూచి, తెలుఁగుమాట తుద నఱిగి కోలామీ యయ్యెనని చెప్పుట సులభము. కాని తమిళమునఁ బాలు 'పాల్', పల్లు 'పల్'; అచ్చట నెవ్వరును దెలుఁగుమాట యఱిగినదనరు. ఉకారము తెలుఁగు తాను చేర్చుకొన్నది. అఱుగుట కోలామీలోఁ గాదు, పెరుగుట తెలుఁగులో.

అంతకంటె బలవత్తరమగు సాక్ష్యము కకారము. తాలవ్యాచ్చులగు ఇ, ఎలకు ముందుఁ బూర్వకకారము తెలుఁగునఁ జకారమయ్యెను. కన్నడమున 'కివి', 'కిచ్చు' అనునవి తెలుఁగునఁ 'జెవి', 'చిచ్చు'. నన్నయనాఁటికే యీ చకారము స్థిరపడియుండెను. కోలామీయందుఁ జెవి 'కెవ్', నిప్పు 'కిస్', చేయి 'కీ'. ఇవి తెలుఁగునుండి పోయిన మాటలే యైనచోఁ జకారముతోఁ బోయియుండవలెను. పోయిన చకారము మరల వెనుకకుఁ దిరిగి కకారమైనదనుటకుఁ గారణము కానరాదు. కావున నీ పదములు మూలద్రావిడమునుండి నేరుగా దిగినవి. అన్నిచోట్లఁ గోలామీయే ప్రాచీనమనుట మాత్రము పొరపాటు. నీరు దానియందు 'ఈర్'. ఇచ్చట నకారమును జాఱవిడిచినది కోలామీ, నిలిపినది తెలుఁగు. మఱియు 'ఇచ్చుట'కుఁ గోలామీధాతువు 'సీ'. గోండీయు నిట్లే సకారముతోఁ బలుకును. ఆది హల్లును తెలుఁగు, తమిళము, కన్నడము పోఁగొట్టుకొన్నవి.

సంఖ్యావాచకములు మఱింత మాటాడును. మూఁడునకుఁ గోలామీ 'మూందిఙ్'. మనవారు మూఁడు అని యరసున్న వ్రాయుదురు. నేఁటి బాలురు దానిని వ్రాయుటయే మానిరి. ఆ యరసున్న యొకనాఁటి నిండుసున్నకు శేషమని ప్రాచీనతెలుఁగులోని 'మూణ్డు' చెప్పుచునే యున్నది. నేఁటికిని నోట నిండుగాఁ బలుకువారు కోలాములు. తెలుఁగున డకారమున్నచోట నిందు దకారముండుటకుఁ గారణము, మూలవర్ణము ఈ రెంటి నడిమిదై, తమిళపు 'మూన్ఱు'లోని ఱకారమునకు సంబంధించినది యగుటయే. శకటరేఫమును గుఱించి మన పండితులు చేసిన వాదములలో నీ కొండసాక్షిని బిలిచినవారు లేరు. రెండునకుఁ గోలామీ 'ఇందిఙ్'. తమిళమున 'ఇరండు', తెలుఁగు వర్ణవ్యత్యయముచే ఆది యికారమును వీడి 'రెండు' అయినది. ఇరువది, ఇద్దఱు అను వానియందు మాత్ర మాయికారము దాఁగియున్నది.

ప్రసక్తివశమున లింగభేదమొకటి. తెలుఁగున స్త్రీపురుషుల కిరువురకును 'ఇద్దఱు' చెల్లును. కోలామీయందుఁ బురుషులు 'ఇద్దర్', స్త్రీలు 'ఈరల్', వస్తువులు 'ఇందిఙ్'. మహత్తునకును అమహత్తునకును గల భేదము తెలుఁగున నేకవచనమునఁ దోఁచి బహువచనమున స్త్రీలను బురుషులతోఁ జేర్చును. కోలామీ బహువచనమునఁగూడ స్త్రీని అమహత్పక్షముననే నిలుపును. బాలవ్యాకరణసూత్రములతో దీనిని గొలువఁబోయిన నడుగడుగునఁ జిక్కువడును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుఁగును గోండీ, కువి, కొండభాషలతోఁ జేర్చి, కోలామీని నాయకీ, పర్జీ, గదబలతో వేఱుశాఖగా నిలిపిరి. ఏండ్లతరబడి యెరువు తెచ్చుకొన్న తెలుఁగుమాటలు దానియందు విస్తారముగా నున్నను, జన్మచుట్టఱికమునఁ దెలుఁగునకుఁ గోలామీకంటె గోండీయే దగ్గఱ.

పైమాటల తుద నున్న ఙకారమును జదువరులు గమనించియుందురు. మనయందు ఙకారము కవర్గాక్షరములకు ముందు సున్నగా వినఁబడుటయే కాని స్వతంత్రముగా నుండదు. సంస్కృతమునఁ బదాంతమున నది యరుదుగా నిలుచును. 'ప్రత్యఙ్ఙాత్మ' యనుచోట దానికిఁ బాణిని యాగమముగూడ విధించెను. పాఠశాలలయం దాయక్షరమునకు వర్ణమాలలోఁ జోటు తప్ప పని లేదు. కోలామీయం దది నిత్యకృత్యములు నెఱవేర్చు వర్ణము. తుమున్నర్థమునఁ బ్రత్యయము 'ఎఙ్'. ద్వితీయకుఁ బ్రత్యయము న్ లేక ఉన్. చతుర్థికి ఙ్ లేక ఉఙ్. నకారమునకు ముందు ద్రావిడచతుర్థి కకారము చేరి, తాను లోపించుచు నకారమును ఙకారము గావించెనని విద్వాంసు లూహింతురు. ఇట్లు 'ఎవనిని' అను దానికిని 'ఎవనికి' అను దానికిని గల యంతరము నాలుక మొదలు, కొన యను స్థానభేదముమీఁదనే యాధారపడియున్నది.

దీనివలనఁ గలుగు చిక్కు శాస్త్రమునకు మాత్రమే చెందినది కాదు. 2004 ప్రాంతమున రాష్ట్రప్రభుత్వము ఎనిమిది గిరిజనభాషలలోఁ బ్రాథమికవిద్యకుఁ బూనుకొన్నపుడు వానిలోఁ గోలామీయు నొకటి, లిపి తెలుఁగు. తెలుఁగుచదువరి పదాంతమున సున్నను జూచిన మకారముగాఁ బలుకును. కోలామీయందు 'ఆన్' అనఁగా నేను, 'ఆమ్' అనఁగా ఎదుటివానిని విడిచిన మేము. అతనిని గలుపుకొన్న మనమునకు 'నేంద్' అని వేఱుమాట. న్, మ్, ఙ్ మూఁటిని సున్నతోఁ గప్పివేసి వ్రాసినచో నేనును మేమును నొకటి యగును, ద్వితీయాచతుర్థులు కలసిపోవును. బాలుఁడు తన యింటిమాటను బుస్తకమునఁ బోల్చుకొనలేఁడు. పొల్లు వ్రాసి మూఁడింటిని వేఱుపఱచుటకు వలసిన యక్షరములన్నియుఁ దెలుఁగులిపియందే యున్నవి. ఙకారమున కింతకాలమునకుఁ బని దొరకును. ఉపాధ్యాయుఁడు ముందుగా దానిని చెవిని బట్టవలెను.